సీసం మీద ఓడ: యజ్ఞశ్రీ శాతకర్ణి

స్కూల్ పుస్తకాల్లో యజ్ఞశ్రీ శాతకర్ణికి దక్కేది రెండు లైన్లే. శాతవాహనుల్లో చివరి గొప్ప రాజు, ఓడ బొమ్మ నాణేలు వేయించాడు. అంతే.

క్రీ.శ. రెండో శతాబ్దం చివర్లో పాలించిన ఈయన గురించి మనకి చెప్పింది ముఖ్యంగా రాళ్లూ నాణేలే. నాసిక్ గుహ శాసనం 7వ పాలనా సంవత్సరానిది, కన్హేరీది 16, మన చినగంజాంది 27. అంటే పడమటి కొండల నుంచి తూర్పు తీరం దాకా ఆయన మాట చెల్లిందన్నమాట. సముద్ర వ్యాపారం జోరుగా సాగే రోజులవి. తీరంలో చెలామణీకి సీసపు నాణెం వేయించి, దానిమీద రెండు తెరచాప కొయ్యల ఓడని ముద్రించాడు. ఆయన తర్వాత కొద్దికాలానికే రాజ్యం ముక్కలైంది. మా పెద్దవూరకి దగ్గర్లోని నాగార్జునకొండ ఇక్ష్వాకుల రాజధాని అయింది.

ఆ ఓడలు పోయాయి, బొమ్మ మిగిలింది. అయితే ఓడ కనిపించగానే యజ్ఞశ్రీది అనుకోకూడదు, పల్లవుల నాణేల మీదా ఓడ ఉంది. చుట్టూ ఉన్న బ్రాహ్మీ అక్షరాల్లో పేరు చదవాలి. అందుకే తళతళలాడాలని తోమితే అసలు ఆధారమే పోతుంది.

ఇంకో శత్రువు చెక్క బీరువా. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం మెల్లగా తెల్లటి పొడైపోతుంది. మ్యూజియాల్లో పాత ఓడ నమూనాల సీసపు భాగాలు పాడయ్యేదీ ఇలాగే. లోహపు అరలు, పొడిగాలి ఉంటే చాలావరకు ఆపొచ్చు.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. మట్టిలో వందల ఏళ్లు నిలిచినవి మన బీరువాల్లో పొడైపోతే, మరో రాజుకి ఆ రెండు లైన్లు కూడా మిగలవు.