మౌలానా ఆజాద్ నేర్పిన పౌర విద్య

ఓటు హక్కు ఒక్కరోజులో చేతికి రావచ్చు. దాన్ని వాడే తెలివి మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది. ఈ సంగతి గ్రహించి జీవితమంతా జనానికి తాలీమ్ చెప్పిన మహనీయుడు మౌలానా అబుల్ కలాం ఆజాద్.

ఆయన 1888లో మక్కాలో జన్మించారు. బాల్యంలోనే కుటుంబం కలకత్తా చేరింది. బడికి పోలేదు, చదువంతా ఇంట్లోనే సాగింది. 1912లో కలకత్తాలో 'అల్ హిలాల్' అనే ఉర్దూ వారపత్రిక స్థాపించారు. రాజకీయాలు మనకెందుకులే అని దూరంగా ఉన్న ముస్లింలకు, దేశ స్వాతంత్ర్యం కోసం హిందూ సోదరులతో కలిసి నడవడం తమ జిమ్మేదారీ అని అందులో బోధించారు. రెండేళ్లలో వారానికి 26,000 ప్రతులు పోయేవని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. తెల్లదొరల సర్కారు ఊరుకుంటుందా? 2,000 రూపాయల జామీను జప్తు చేసి, మళ్లీ 10,000 అడిగింది. 1914లో పత్రిక ఆగిపోయింది. 1916లో ఆయన్ని బెంగాల్ నుంచి వెళ్లగొట్టి, తర్వాత రాంచీలో నిర్బంధించారు. అక్కడా ఊరకే కూర్చోలేదు. ఒక మదర్సా నెలకొల్పారు.

1947లో ఆజాద్ విద్యామంత్రి అయ్యారు. రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ ఓటు ఇచ్చింది. కానీ 1951 లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి 18 మందే! మొదటి ఎన్నికల జాబితాలో తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య అనో కూతురు అనో రాయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు కొట్టేశారు. హక్కుండీ ఓటు లేకపోయింది. చదువు రానివారికి ఓటెందుకని కొందరు అడిగేవారు. మౌలానా సాహెబ్ దారి వేరు. ఓటు ఆపడం కాదు, చదువు అందించాలి. అందుకే వయోజన విద్యను 'సాంఘిక విద్య'గా విస్తరింపజేశారు. అక్షరాలతోపాటు ఆరోగ్యం, వృత్తి, పౌరుని హక్కులు, బాధ్యతలు అందులో చేరాయి. 1952లో నియమించిన మొదలియార్ కమిషన్ కూడా, ప్రజాస్వామ్య పౌరులను తయారుచేయడం హైస్కూలు చదువుకు ఒక లక్ష్యమని చెప్పింది.

ఆయన 1958 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. 1998లో హైదరాబాదులో ఆయన పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది. సంతోషమే. అయితే మన ఇంటి ఆడవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో సరిగా ఉన్నాయా, వార్డు సభ్యుడి పనేమిటో మన పిల్లలకు తెలుసా అని చూసుకోవడమే మౌలానాకు మనం చేసే అసలైన గౌరవం.