హబీబ్ రెహమాన్: నెహ్రూ తిప్పి పంపిన నమూనా, నిలిచిపోయిన భవనం

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో ఒక కొస వైశాలి. బుద్ధుడి కథల్లో వినిపించే బిహార్ వైశాలి కాదు, యమునకు ఇవతల ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ వైశాలి. ఢిల్లీలో ఇల్లు దొరకని, దొరికినా అద్దె కట్టలేని మధ్యతరగతి ఫ్లాట్లతో నిండిన ప్రాంతమిది. పొద్దున్నే ఇక్కడ రైలెక్కితే యమున దాటాక మొదట ఇంద్రప్రస్థ, తర్వాత సుప్రీంకోర్టు, ఆపైన మండీ హౌస్ స్టేషన్లు వస్తాయి. మండీ హౌస్‌లో దిగి పైకొస్తే ఎదురయ్యేది రవీంద్ర భవన్. సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ, లలిత కళా అకాడమీ మూడూ అక్కడే. అవార్డుల ప్రకటన వచ్చినప్పుడల్లా తెలుగు రచయితలు, కళాకారులు తలుచుకునే చిరునామా అది.

ఆ భవనం ఎవరు కట్టారని అడిగితే చాలామంది ప్రభుత్వం అంటారు. అది నిజమే. ఆ ప్రభుత్వంలో జీతం తీసుకుంటూ దాన్ని గీసిన మనిషి పేరు హబీబ్ రెహమాన్. ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేయడానికి విదేశాలకు వెళ్లిన తొలితరం భారతీయుల్లో ఆయన ఒకరు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోవడానికి ఆయనకు దాదాపు పదిహేనేళ్లు పట్టింది.

రెహమాన్ 1915లో కలకత్తాలో పుట్టారు. శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. 1939లో ఆ డిగ్రీ చేతికొచ్చింది. బ్రిటిష్ ఇండియాలో భవన నిర్మాణమంటే ఇంజినీర్ల పని. ఆర్కిటెక్చర్ చదువుకు పేరున్న చోటు బొంబాయి జె.జె. స్కూల్ ఒక్కటే అనుకునే రోజులు. ఢిల్లీ పాలిటెక్నిక్‌లో ఆ విభాగం మొదలైంది 1941లో. అదే తర్వాత స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌గా ఎదిగింది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడకు అదే పేరుతో కేంద్ర సంస్థ రావడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. దేశంలో ఆర్కిటెక్చర్‌లో పీజీ చేయాలన్న ఆలోచనకే ఆ రోజుల్లో తావు లేదు.

స్కాలర్‌షిప్ మీద రెహమాన్ అమెరికా వెళ్లారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీలో చేరారు. అమెరికాలో ఆర్కిటెక్చర్ పాఠాలు అన్నింటికన్నా ముందు మొదలైన విశ్వవిద్యాలయం అది. ఆయన వెళ్లేనాటికి ఆ విభాగం రెండు కాలాల మధ్య ఉంది. పాత పద్ధతి ప్యారిస్ నుంచి వచ్చింది. గ్రీకు స్తంభాల్ని, రోమన్ కమానుల్ని నీడలతో సహా అందంగా గీయడం అందులో పెద్ద విద్య. దాన్ని పక్కకు నెట్టి కొత్తది వస్తోంది. భవనం లోపల ఏం జరుగుతుంది, ఏ సామగ్రితో కడుతున్నాం, వెలుతురు ఎటు నుంచి వస్తుంది అనే ప్రశ్నలతో మొదలుపెట్టే పద్ధతి అది.

రెహమాన్‌కు పాఠాలు చెప్పిన లారెన్స్ ఆండర్సన్ ఆ మార్పును మాటలతో సరిపెట్టలేదు. హెర్బర్ట్ బెక్‌విత్‌తో కలిసి 1940లో ఎంఐటీ ఆవరణలోనే ఒక ఈతకొలను భవనం కట్టారు. అమెరికన్ క్యాంపస్‌లలో తొలి ఆధునిక భవనాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. పాత గ్రంథాల్లోని స్తంభాల కొలతలు చూపించే గురువుకూ, తను కట్టిన గాజు గోడ వైపు చెయ్యి చూపించే గురువుకూ తేడా ఉంటుంది కదా.

మరోవైపు హిట్లర్ జర్మనీ నుంచి తరలివచ్చిన వాళ్లు అదే ఊళ్లో ఉన్నారు. నాజీల ఒత్తిడికి 1933లో మూతపడిన బౌహౌస్ పాఠశాల స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ 1937 నుంచి పక్కనే హార్వర్డ్‌లో బోధిస్తున్నారు. మార్సెల్ బ్రాయర్ కూడా అక్కడే. రెహమాన్ 1943లో ఆర్కిటెక్చర్ బ్యాచిలర్స్, మరుసటేడు 1944లో మాస్టర్స్ పూర్తి చేసి గ్రోపియస్ దగ్గర, న్యూయార్క్‌లో ఈలీ జాక్ కాన్ ఆఫీసులో పనిచేశారు. భవనం పుట్టుకకు పట్టా ఎంత అవసరమో, మరొకరి డ్రాయింగ్ బల్ల దగ్గర నిలబడి గడిపే రెండేళ్లు కూడా అంతే అవసరమని ఆర్కిటెక్చర్ చదివిన ఎవరైనా ఒప్పుకుంటారు.

ఆ మాస్టర్స్ ఆయనకు ఇచ్చింది ఒక క్రమశిక్షణ. అలంకారం తీసేయాలి. నిర్మాణాన్ని దాచకూడదు. గతాన్ని అనుకరించకూడదు. యుద్ధం తర్వాత కొత్త ప్రపంచం కట్టుకుందామనుకున్న తరానికి అది మతమంత నమ్మకం. అయితే అది బోస్టన్ చలిలో, ఉక్కు, గాజు ఎంత కావాలంటే అంత దొరికే దేశంలో నేర్చుకున్న పాఠం. దాన్ని మే నెల ఎండలోకి, సిమెంటుకు కూడా కటకటగా ఉన్న దేశంలోకి తీసుకురావడం వేరే సంగతి.

1946లో ఆయన కలకత్తా తిరిగొచ్చారు. ఊరు మతకలహాలతో రగులుతోంది. మరుసటేడు దేశం రెండైంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో ఆర్కిటెక్ట్‌గా చేరిన రెహమాన్‌కు పేరు తెచ్చిన మొదటి పని గాంధీజీ స్మారకం. బారక్‌పూర్‌లో హుగ్లీ ఒడ్డున, మహాత్ముడి అస్థికలు కొన్ని కలిపిన చోట గాంధీ ఘాట్ కట్టాలి. విభజన గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఒక ముస్లిం యువకుడు గీసిన ఆ స్మారకంలో గుడి, మసీదు, చర్చి ఆకారాల ఛాయలు ఒకే కట్టడంలో కలిశాయి. గ్రోపియస్ చూస్తే మెచ్చుకునేవారో లేదో చెప్పలేం. 1949 జనవరిలో దాన్ని ప్రారంభించిన నెహ్రూ మాత్రం ఈ ఆర్కిటెక్ట్‌ను గుర్తుపెట్టుకున్నారు. ఆ తర్వాత కలకత్తాలో ఉక్కు చట్రంతో లేచిన కొత్త సచివాలయం, ఆనాటికి దేశంలోని ఎత్తైన భవనాల్లో ఒకటి, ఆయన రెండో వైపు చూపించింది. అది అచ్చంగా ఎంఐటీ విద్యార్థి పని.

1953లో నెహ్రూ చొరవతో ఆయన ఢిల్లీకి, కేంద్ర ప్రజాపనుల శాఖకు మారారు. అదే శాఖను నడిపించిన తొలి భారతీయుడు గణేశ్ భికాజీ దేవ్‌లాలికర్ అప్పట్లో సుప్రీంకోర్టు భవనాన్ని గుమ్మటంతో, స్తంభాలతో, లుటియెన్స్ ఢిల్లీకి కొనసాగింపులా రూపొందిస్తున్నారు. స్వతంత్ర దేశపు ముఖం ఎలా ఉండాలన్నది అప్పట్లో ఆఫీసు కారిడార్లలోనే తేలాల్సిన తగువు. ఒక పక్షం గుమ్మటాలు, ఛత్రీలు పెడితే భారతీయత వస్తుందంది. రెహమాన్ అవతలి పక్షం. డాక్ తార్ భవన్, ఐటీఓ దగ్గరి ఏజీసీఆర్ ఆఫీసు, ఇంద్రప్రస్థ భవన్ వంటివి ఆయన చేతి మీదుగా వచ్చాయి. నిడివైన సూటి గీతలు, వరసల్లో కిటికీలు, ఎండకు సజ్జలు. చవగ్గా, త్వరగా లేచిన కట్టడాలు. అందరికీ నచ్చేవి కావు. వాటిలో కొన్ని ఫైళ్ల బీరువాల్లా ఉంటాయన్న మాట ఈనాటికీ వినిపిస్తుంది. అది పూర్తిగా అన్యాయమైన విమర్శ కాదు.

ఠాగూర్ శతజయంతి 1961లో. ఆ సందర్భానికి మూడు అకాడమీలకూ కలిపి ఒక భవనం కట్టాలని కేంద్రం నిర్ణయించింది. రెహమాన్ తనకు వచ్చిన భాషలో ఒక నమూనా చేశారు. అది మరో ఆఫీసు బ్లాకులా ఉంది. నెహ్రూ చూసి నిరాశపడ్డారు. ఇందులో ఠాగూర్ ఎక్కడున్నాడన్నది ఆయన అభ్యంతరం. ఆ నమూనా వెనక్కి వచ్చింది.

ప్రధానమంత్రి తిప్పి పంపితే ప్రభుత్వ ఉద్యోగి చేసే పని సాధారణంగా ఒకటే. రెండు గుమ్మటాలు, నాలుగు కమానులు తగిలించి ఫైలు పైకి పంపడం. రెహమాన్ అలా చేయలేదు. పాత కట్టడాల్ని మళ్లీ చూశారు. వాటి ఆకారాన్ని కాదు, అవి ఎండతో, రాయితో ఎలా వేగుతున్నాయో చూశారు. తుగ్లక్ కాలపు గోడ కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఎందుకు ఉంటుంది? ముందుకు పొడుచుకొచ్చిన సజ్జ గోడ మీద ఎంత నీడ వేస్తుంది? జాలీ గాలిని వదిలి ఎండను ఎలా ఆపుతుంది? గతాన్ని కాపీ కొట్టకూడదన్న పాఠాన్ని ఆయన విడిచిపెట్టలేదు. గతాన్ని అసలు చూడకూడదని దాని అర్థం కాదని మాత్రం తెలుసుకున్నారు.

అలా వచ్చిందే ఇప్పటి రవీంద్ర భవన్. ఆఫీసుల భాగం ఒక డబ్బాలా కాకుండా మూడు రెక్కలుగా విచ్చుకుంటుంది. మూడు సంస్థలున్న చోటికి అది సహజంగా అమరిన ప్లాన్. పొడవైన సజ్జలు, జాలీలు, ఢిల్లీ కొండరాయితో కట్టిన గోడలు. పక్కన లలిత కళా అకాడమీ ప్రదర్శనశాల వేరే కట్టడంగా నిలుస్తుంది. కూడలి వైపు నుంచి నడిచొస్తే దాని పెద్దతనం ఒక్కసారిగా మీద పడదు, చెట్ల మధ్య నుంచి కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. ఎంఐటీ చదువు ఇందులో ఎక్కడికీ పోలేదు. కాంక్రీటు చట్రం, అలంకారం లేని గీత, లోపలి పనిని బట్టి బయటి రూపు అన్నీ ఉన్నాయి. ఆయన చేసిన వాటన్నింటిలో ఇదే మేలైనదని చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. ఆ మాటకొస్తే నెహ్రూ కాలపు ఢిల్లీ మొత్తంలో దీని సరసన నిలిచేవి కొన్నే.

రెహమాన్ ఇంట్లో మరో విద్య నడిచేది. ఆయన భార్య ఇంద్రాణి రెహమాన్ మద్రాసులో పుట్టిన నర్తకి, 1952 మిస్ ఇండియా. కూచిపూడిని కోరాడ నరసింహారావు దగ్గర నేర్చుకుని, ఆయనతో కలిసి విదేశీ వేదికల మీద ప్రదర్శించారు. కూచిపూడికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు కోసం తెలుగువాళ్లు పోరాడుతున్న కాలంలో ఆమె దాన్ని ప్రపంచానికి చూపించారు. 1981లో ఆమెకు సంగీత నాటక అకాడమీ అవార్డు ఇచ్చింది. ఆ అకాడమీ ఉన్నది భర్త గీసిన భవనంలోనే.

అవార్డుల భవనాలకన్నా ఎక్కువ మంది జీవితాల్ని తాకింది రెహమాన్ గృహనిర్మాణం. 1960లలో రామకృష్ణపురంలో, కర్జన్ రోడ్డులో ఆయన బహుళ అంతస్తుల ఫ్లాట్లు తెచ్చారు. వాకిలి, పెరడు ఉన్న ఇల్లే ఇల్లనుకునే గుమాస్తా కుటుంబాలకు మెట్లెక్కి ఇంటికి వెళ్లడం అప్పట్లో వింత. బదిలీ మీద ఢిల్లీ వచ్చిన తెలుగు ఉద్యోగుల పిల్లలెందరో ఆర్.కె.పురం సెక్టార్లలోనే పెరిగారు. వైశాలి టవర్లలో ఈరోజు సాగుతున్న బతుకుకు అది తొలి నమూనా. ఒక తేడా ఉంది. ప్రభుత్వ ఫ్లాట్ల మధ్య ఆయన తరం ఆర్కిటెక్టులు వదిలిన ఖాళీ జాగా, చెట్లు, ఆటస్థలం ఇప్పటి బిల్డర్ లెక్కల్లో ఇమడవు.

చివరి దశాబ్దంలో ఆయనకు అరుదైన పనులు దక్కాయి. మౌలానా ఆజాద్‌కు జామా మసీదు దగ్గర అంతకుముందే తెల్లటి సన్నని సమాధి కట్టారు. ఆ తర్వాత జాకిర్ హుస్సేన్ వంతు వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి, బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి, జామియా మిలియాను నిలబెట్టి, పదవిలో ఉండగానే 1969లో కన్నుమూసిన రాష్ట్రపతి ఆయన. జామియా ఆవరణలోని ఆ సమాధిలో లోపలికి వాలిన గోడలు తుగ్లక్ కాలాన్ని గుర్తుకు తెస్తాయి. వాటిని గీసిన చెయ్యి మాత్రం ఇరవయ్యో శతాబ్దానిది. రవీంద్ర భవన్ దగ్గర మొదలైన ఆలోచన ఇక్కడ తడబాటు లేకుండా సాగింది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సమాధి మరీ సన్నం, గాలి ఆడే పాలరాతి జాలీలే దాదాపు అంతా.

1970 నుంచి 1974 దాకా ఆయన కేంద్ర ప్రజాపనుల శాఖ చీఫ్ ఆర్కిటెక్ట్. 1955లో పద్మశ్రీ, 1974లో పద్మభూషణ్ వచ్చాయి. రిటైరయ్యాక కొత్తగా ఏర్పడ్డ ఢిల్లీ అర్బన్ ఆర్ట్ కమిషన్‌లో కార్యదర్శిగా పనిచేశారు. 1995లో ఢిల్లీలో మరణించారు.

ప్రైవేటు ఆర్కిటెక్ట్ భవనంతో పాటు అతని పేరూ మిగులుతుంది. ప్రభుత్వ ఆర్కిటెక్ట్ గీసింది శాఖ ఖాతాలో పడుతుంది. శాఖకు జాగా కావలసినప్పుడు అదే మొదట కూలుతుంది. ఇంద్రప్రస్థ స్టేషన్‌కు దగ్గర్లో రింగ్ రోడ్డు పక్కన, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం కోసం రెహమాన్ 1960ల మొదట్లో ఒంపు తిరిగిన ముఖంతో ఒక భవనం కట్టారు. యాభై ఏళ్లకు పైగా నిలిచిన ఆ కట్టడాన్ని 2019లో కూలగొట్టారు. వారసత్వ కట్టడాల జాబితాల్లో మొఘలుల కాలానికి, బ్రిటిష్ కాలానికి ఉన్న చోటు నెహ్రూ కాలానికి ఇంకా దక్కలేదు. వైశాలి నుంచి వచ్చే రైలు ఆ జాగా పక్కనుంచే వెళ్లి, రెండు స్టేషన్ల తర్వాత రవీంద్ర భవన్ ముందు ఆగుతుంది.