సరిహద్దు సభల సారథి మ.పొ.సి.

తిరుత్తణి తమిళనాట చేరుటకు కారకులైన వారిలో అగ్రగణ్యులు మ.పొ. శివజ్ఞానం. 1906 జూన్ 26న మద్రాసులో నిరుపేద కుటుంబాన జన్మించిన ఆయనకు బడిచదువు మూడవ తరగతితోనే ముగిసింది. అచ్చుకూటంలో అక్షరాలు కూర్చుతూ, స్వయంకృషితో పండితులైనారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కారాగారవాసం అనుభవించారు. 1946లో తమిళరసు కళగం అనే సంఘాన్ని స్థాపించారు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 19వ అధికరణం నిరాయుధులై శాంతియుతంగా సమావేశమయ్యే హక్కునూ, సంఘాలు ఏర్పరచుకొనే హక్కునూ పౌరులందరికీ ప్రసాదించింది. ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలుగువారు ఏ హక్కును వినియోగించుకున్నారో, ఆ హక్కునే మ.పొ.సి. కూడా వినియోగించుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించగా, చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణి అందులో చేరింది. ఉత్తర సరిహద్దు కోసం ఆయన సభలు, ఊరేగింపులు నడిపి చెరసాలకు వెళ్ళారు. తిరుపతినీ కోరారు గాని అది దక్కలేదు. పటాస్కర్ తీర్పు, దానిననుసరించిన 1959 చట్టం మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది.

వల్లలార్‌పై రచించిన గ్రంథానికి 1966లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన 1995 అక్టోబరు 3న కన్నుమూశారు. తిరుత్తణి తెలుగువారికి ఆయన ఒకనాటి ప్రత్యర్థి. అయినను, మాతృభాషలో చదువుకై సంఘటితమయ్యే అల్పసంఖ్యాకులకు ఆయన వాడిన ఆ హక్కే నేటికీ ఆసరా.