మన ఊరి అమరజీవి

కాలేజీలో చేరేటప్పుడు అప్లికేషన్‌లో సొంతూరు అన్న గడి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పుట్టింది, పెరిగింది ఇక్కడే. అమ్మమ్మ మాత్రం నెల్లూరని రాయమంటుంది. అక్కడికి వెళ్తే మేము మద్రాసువాళ్లం, ఇక్కడ పక్కింటివాళ్లకి ఆంధ్రావాళ్లం. మీలో చాలామందికి ఇదే గొడవ ఉంటుంది. అందుకే ఈసారి గోడపత్రికకి పొట్టి శ్రీరాములుగారి గురించి రాస్తానని మేడమ్‌ని నేనే అడిగాను. ఆయనా మద్రాసులో పుట్టిన తెలుగువాడే. ఈ సంగతి నాకు మొన్నమొన్నటిదాకా తెలీదు. నెల్లూరు జిల్లాకి ఆయన పేరుంది కాబట్టి అక్కడే పుట్టారనుకునేదాన్ని.

1901 మార్చి 16న జార్జిటౌన్‌లోని అణ్ణాపిళ్లై వీధిలో పుట్టారు. తల్లిదండ్రులు మహాలక్ష్మమ్మ, గురవయ్య. పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లె. చిన్నప్పటి చదువు మద్రాసులోనే. తర్వాత బొంబాయి వెళ్లి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగం సంపాదించారు. అలాగే సాగితే హాయిగా పెన్షన్ తీసుకునే జీవితం. కానీ భార్య, పుట్టిన బిడ్డ ఇద్దరూ పోయారు. ఆయన ఉద్యోగం వదిలేసి సబర్మతికి, గాంధీగారి దగ్గరికి వెళ్లిపోయారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలు, 1942లో క్విట్ ఇండియాలో మళ్లీ జైలు.

మనం ఆయన్ని ఆంధ్రరాష్ట్రంతోనే గుర్తుపెట్టుకుంటాం గానీ, అంతకు ముందటి నెల్లూరు రోజులే నాకు ఎక్కువ నచ్చాయి. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసి సాధించారు. అంటరానితనం వద్దని అట్టల మీద రాసి, మెడలో వేసుకుని వీధుల్లో తిరిగేవారు. ఎర్రటెండలో కాళ్లకి చెప్పులుండవు, చేతిలో గొడుగుండదు. పిచ్చివాడని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. నేను ఆ రోజుల్లో ఉంటే నవ్వేదాన్నేమో. ఆయన తిండి మానేస్తానంటే అది బెదిరింపు కాదని మాత్రం నెల్లూరువాళ్లకి అప్పుడే అర్థమైంది.

ఇక మద్రాసు గొడవ. అప్పటి మద్రాసు రాష్ట్రంలో తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, కన్నడిగులు అందరూ కలిసే ఉండేవారు. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలన్న మాట 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నాటిది. రాష్ట్రం ఇవ్వడానికి చాలామంది ఒప్పుకున్నారు, చిక్కంతా మద్రాసు ఎవరిదన్న దగ్గరే. మేమూ కట్టిన ఊరు కదా, మాకూ వాటా ఉందని తెలుగువాళ్లు. ఇక్కడ ఎక్కువమంది తమిళులే, ఇది మా ఊరని వాళ్లు. మద్రాసుని వదులుకోకూడదని మ.పొ. శివజ్ఞానం పెద్ద ఉద్యమమే నడిపారు. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ, ఆంధ్రులు మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే రాష్ట్రం అని తేల్చింది. అందులో పట్టాభిగారు మన తెలుగాయనే అని మర్చిపోకండి. 1951లో స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. ఏమీ కదల్లేదు.

1952 అక్టోబరు 19న శ్రీరాములుగారు దీక్షకి కూర్చున్నారు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద, బులుసు సాంబమూర్తిగారింట్లో. సాంబమూర్తిగారు ఒకప్పుడు మద్రాసు శాసనసభకి స్పీకరు. పెద్ద నాయకులు దూరం దూరంగా ఉన్నప్పుడు ఇల్లిచ్చింది ఆయనే. మొదట్లో ఈ దీక్షని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రాజాజీ ముఖ్యమంత్రి, నెహ్రూ ప్రధాని. వారాలు గడిచాయి. రాజధాని సంగతి తేలితే రాష్ట్రం, రాష్ట్రం సంగతి తేలితే రాజధాని అన్నట్టు పెద్దలు ఒకరి మీదికొకరు నెడుతుంటే, మంచం మీద మనిషి కరిగిపోతున్నాడు. 58వ రోజు, డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. వయసు 51.

ఆ తర్వాత ఆంధ్ర జిల్లాలు మండిపోయాయి. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులు తిరక్కుండానే, డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్రరాష్ట్రం ఇస్తున్నామని ప్రకటించారు, మద్రాసు నగరం కాకుండా. నాలుగు రోజుల్లో చెప్పగలిగిన మాట 58 రోజుల్లో ఎందుకు చెప్పలేకపోయారన్నది నాకిప్పటికీ మింగుడుపడదు. మద్రాసు లేని రాష్ట్రమే చివరికి ఇచ్చేదైతే, అది ఆయన బతికుండగానే ఇవ్వొచ్చు కదా. మద్రాసు మీద పట్టు సడలించని మన నాయకులకీ ఇందులో భాగం లేదని నేననలేను.

1953 అక్టోబరు 1న కొత్త రాష్ట్రం వచ్చింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. రాజధాని కర్నూలు, ఆఫీసులు చాలావరకు డేరాల్లో. హైకోర్టు తర్వాత గుంటూరులో పెట్టారు. రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకి ఇవ్వాలని 1937లో రాసుకున్న ఒప్పందం ప్రకారం కర్నూలుకి ఆ అవకాశం దక్కింది. ఆ ఒప్పందం జరిగింది కూడా ఈ మద్రాసులోనే, కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ ఇంట్లో. మూడేళ్లకి రాజధాని హైదరాబాదు వెళ్లింది, 2014 తర్వాత అమరావతి. ఇప్పుడు కూడా రాజధాని మాటొస్తే మా చుట్టాల ఇళ్లలో భోజనాలు మధ్యలో ఆగిపోతాయి, మీ ఇళ్లలో సంగతి మీకే తెలుసు.

ఆయన పుట్టిన వీధి, పోయిన ఇల్లు రెండూ ఆయన సాధించిన రాష్ట్రంలో లేవు. ఇక్కడే, మనతో ఉన్నాయి. మైలాపూరు ఇల్లు ఇప్పుడు ఆయన స్మారక భవనం. ఎన్నోసార్లు బస్సులో దాని ముందు నుంచే వెళ్లాను, ఒక్కసారీ దిగలేదు. ఈ డిసెంబరు 15న దిగుదామనుకుంటున్నాను. వచ్చేవాళ్లు క్లాసులయ్యాక, మూడున్నరకి కాలేజీ గేటు దగ్గరికి రండి.