మంగలి పేతురుకు లూథరుగారు నేర్పిన ప్రార్థన

ధ్యాన భాగములు: లూకా 2:1–20, మార్కు 4:35–41



మన గోదావరి సీమలో మార్టిన్ లూథరుగారి పేరు వినని క్రైస్తవ గృహము అరుదు. 1845వ సంవత్సరమున వాలెట్ దొరగారు రాజమహేంద్రవరమున పని ఆరంభించిరి. ఆ పని చేతులు మారబోవు సమయమున, 1869లో, హేయర్ దొరగారు 76 ఏండ్ల ముదిమిలో సముద్రము దాటి మరల వచ్చి దానిని నిలువబెట్టిరి. ఆ పట్టణమందలి లూథర్‌గిరి అను పేరు నేటికిని ఆ సంస్కర్తను జ్ఞాపకము చేయుచునే యున్నది. లూథరుగారు పోపుగారిని ఎదిరించిన ధీరుడని మనమందరము ఎరుగుదుము. ఆయన ఒక మంగలికి ప్రార్థించుట నేర్పిన గురువని ఎరిగినవారు కొద్దిమందియే. ఆ సంగతియే ఈ మాసము మేము మీ యెదుట ఉంచుచున్నాము.

లూథరుగారు 1483 నవంబరు 10వ తేదీన జర్మనీ దేశమందలి ఐస్లేబెన్ అను ఊర జన్మించిరి. తండ్రి హాన్స్ గనులలో పాటుపడి పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయవాది కావలెనని ఆయన ఆశ. అయితే 1505 జూలై మాసమున లూథరుగారు కాలినడకను ప్రయాణము చేయుచుండగా గాలివాన కమ్ముకొని దగ్గరలోనే పిడుగు పడెను. ప్రాణభయముతో ఆయన సన్యాసినగుదునని మ్రొక్కుకొని, ఆ నెలలోనే ఎర్ఫర్టు పట్టణమందలి మఠములో చేరిరి.

మఠములో ప్రార్థనకు కొరతలేదు. గంట మ్రోగిన ప్రతి వేళను చదువవలసిన ప్రార్థనలు ఉండెను. ఉపవాసములు, జాగరణలు ఉండెను. శాంతి మాత్రము లేకపోయెను. ఆ కాలపు దేవాలయములలో క్రీస్తు ప్రభువును ఇంద్రధనుస్సుపై కూర్చున్న న్యాయాధిపతిగా చిత్రించుచుండిరి. ప్రభువు పేరు చెప్పగానే లూథరుగారి మనస్సున ఆ రూపమే మెదలుచుండెను. భయపడువాడు దగ్గరకు రాగలడా? పెదవులు ప్రార్థించుచుండెను గాని హృదయము పారిపోవుచుండెను.

1512లో ఆయన విట్టెన్‌బర్గులో వేదశాస్త్ర పండితుడై కీర్తనలను, రోమా పత్రికను బోధింపసాగిరి. ఆ బోధలో బోధకుడే మొదటి శిష్యుడాయెను. దేవుని నీతి మనలను వెంటాడు నీతి కాదనియు, విశ్వసించువానికి ఉచితముగా నొసగబడు నీతియనియు ఆయన గ్రహించిరి. 1517లో 95 వాదములను ప్రకటించిరి. 1521లో వర్మ్సు సభలో చక్రవర్తి యెదుట నిలిచి తన వ్రాతలను త్రోసివేయుటకు ఒప్పుకొనలేదు. అంతట స్నేహితులు ఆయనను వార్ట్‌బర్గు కోటలో దాచిరి.

ఆ కోటలో ఆయన ఊరకుండలేదు. సుమారు 11 వారములలో క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి మార్చిరి. అది 1522 సెప్టెంబరులో అచ్చయ్యెను. ఆ కోటలోనే సంఘములలో చదువుటకు ప్రసంగములు వ్రాసి, సువార్తలను ఏలాగు చదువవలెనో చూపు చిన్న ముందుమాటను కూడ సిద్ధపరచిరి. సువార్తలో ప్రభువు ఒక ఊరికి వచ్చెనని చదివినప్పుడు ఆయన మన యొద్దకే వచ్చుచున్నాడని తెలిసికొనవలెను. రోగిని ఆయన యొద్దకు మోసికొని వచ్చిరని చదివినప్పుడు ఆ మోయబడినది మనమే యని తెలిసికొనవలెను. ముందుగా ప్రభువును దానముగా పుచ్చుకొనవలెను, తరువాతనే మాదిరిగా అనుసరింపవలెను. ఆ ముందుమాట సారము ఇదియే.

క్రిస్మసు ప్రసంగములో ఆయన విన్నవారిని బేత్లెహేమునకు నడిపించిరి. నిండు నెలల పేదరాలు, దూర ప్రయాణము, సత్రములో చోటు లేకపోవుట, చీకటి, చలి, వేడినీళ్లకైనను నిప్పు లేకపోవుట, చేయూతకు ఒక స్త్రీయైనను లేకపోవుట, ఇవన్నియు కన్నులకు కట్టినట్లు చెప్పిరి. తుపాను రాత్రి పశువుల పాకలో తలదాచుకొనిన కుటుంబములు మన లంకగ్రామములలో ఎన్ని లేవు? మన తల్లులకు ఆ చిత్రము వేరొకరు వివరింపనక్కరలేదు. వినువారి మనస్సు కరిగి, మేమే అక్కడ ఉండినయెడల ఆ శిశువునకు పరిచర్య చేసియుందుమే అని తలంచిన క్షణముననే ఆయన వారిని పట్టుకొనిరి. ప్రభువు నేటికిని మన పొరుగువానిలో ఉన్నాడు గదా, ఆ పరిచర్య ఇప్పుడెందుకు చేయరాదని అడిగిరి. ఇంద్రధనుస్సుపై న్యాయాధిపతిని చూచి వణికిన కన్నులకు ఇప్పుడు పశువుల తొట్టిలోని శిశువు కనబడెను. ఆయన ప్రార్థనను మార్చినది ఈ క్రొత్త చూపే.

బొమ్మలన్నిటిని పగులగొట్టవలెనని కొందరు లేచినప్పుడు, 1525లో, ఆయన వారితో ఏకీభవింపలేదు. క్రీస్తు శ్రమలను వినినప్పుడు సిలువపై వ్రేలాడు మనుష్యుని రూపము హృదయములో తానే ఏర్పడుననియు, అది పాపము కాదనియు వాదించిరి. 1529లో తన ప్రార్థన పుస్తకమునకు బైబిలు కథల చిత్రములు సుమారు 50 చేర్చిరి. చదువురాని సామాన్యులును పిల్లలును కథను మనస్సున నిలుపుకొనవలెనని ఆయన కోరిక.

ఇక పేతురు సంగతి. విట్టెన్‌బర్గులో పేతురు బెస్కెన్‌డోర్ఫ్ అను మంగలి ఉండెను. అతడు లూథరుగారికి బహుకాలపు స్నేహితుడు. తాను ప్రార్థన ఏలాగు చేయవలెనని అతడు అడిగెను. రాజులకును పండితులకును వ్రాయు ఆ చేయి 1535లో ఆ మంగలి కొరకు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ప్రార్థన ఉదయమున మొదటి పనిగాను రాత్రి చివరి పనిగాను ఉండవలెను. కాసేపు ఆగి చేసెదనను తలంపును నమ్మరాదు. మంచి మంగలి తన కన్నులను కత్తిమీదనే నిలుపును. మాటలలో పడి పరధ్యానము చెందినయెడల ఎదుటివాని ముక్కుకో గొంతుకో ప్రమాదమే. ప్రార్థించువాని మనస్సును ఆలాగే నిలువవలెను.

వాక్యమును నాలుగు పేటల దండగా కూర్చుకొనుమని ఆయన నేర్పిరి. మొదటి పేట, ఈ మాట నాకేమి బోధించుచున్నది? రెండవది, దీనికొరకు దేవునికేమని స్తోత్రము చెల్లింతును? మూడవది, దీని యెదుట నేనేమి ఒప్పుకొనవలెను? నాలుగవది, ఏమి వేడుకొందును? మధ్యలో పరిశుద్ధాత్ముడు హృదయములో మాటలాడ మొదలుపెట్టినయెడల, మిగిలినది విడిచి మౌనముగా వినుటయే మేలనియు చెప్పిరి.

అదే సంవత్సరము ఈస్టరు సమయమున ఘోరము జరిగెను. పేతురు అల్లుడు డీట్రిక్ సైనికుడుగా పనిచేసినవాడు. తన శరీరమునకు ఏ ఆయుధమును తగలదని అతడు భోజనపు బల్లయొద్ద గొప్పలు చెప్పుచుండగా, పేతురు అతనిని కత్తితో పొడిచెను. అల్లుడు మరణించెను. ప్రార్థన నేర్చుకొనిన చేతికి రక్తము అంటెను. ఊరిలో నవ్వినవారు నవ్వియుందురు. లూథరుగారు మాత్రము స్నేహితుని విడువలేదు. అతని కొరకు అధికారులను బ్రతిమాలిరి. మరణశిక్ష తప్పెను గాని, పేతురు తన ఆస్తిని కోల్పోయి దేశబహిష్కృతుడై డెస్సావు పట్టణమున శేషజీవితము గడిపెను. నేటికిని ఆ పుస్తకము పేతురుకు వ్రాసిన పుస్తకమనియే పిలువబడుచున్నది.

ప్రియులారా, దీనిని మనము తేలికగా దాటిపోరాదు. ప్రార్థన విధానము తాయెత్తు కాదు. దాని నెరిగినవాడును కోపమునకు లోబడగలడు. ఆ నాలుగు పేటలలో ఒప్పుకోలు ఏల ఉన్నదో పేతురు జీవితమే చూపుచున్నది. పడిపోయినవాడు మరల ఆ దండనే చేతబట్టవచ్చును, అది పడనివారి కొరకు మాత్రమే కూర్చబడినది కాదు.

ఈ మాసము మన ఇండ్లలో దీనిని ఆచరింతము. రాత్రి భోజనమైన పిమ్మట చదువు వచ్చినవారు మార్కు 4వ అధ్యాయమందలి తుపాను కథను రెండుమారులు నెమ్మదిగా చదువవలెను. మిగిలినవారు కన్నులు మూసికొని వినవలెను. వరదకాలపు గోదావరిమీద పడవ ఊగుట మనకు తెలియును. ఆ దోనెలో మనమును కూర్చుందము. నీళ్లు లోనికి వచ్చుచున్నవి. అమరమున ప్రభువు నిద్రించుచున్నాడు. ఈ సంవత్సరము మన దోనెలోనికి వచ్చిన నీళ్లు ఏవి? అప్పా, రోగమా, అన్నదమ్ముల వ్యాజ్యమా? బోధ, స్తోత్రము, ఒప్పుకోలు, విన్నపము అను నాలుగు పేటలను ఒక్కొక్కటిగా తీసికొని, తుదకు కొంతసేపు ఊరకుందము.

ఒక్క హెచ్చరిక. మన ఊహ వాక్యమునకు సేవకురాలు, యజమానురాలు కాదు. ప్రభువు చెప్పని మాటలను ఆయన నోట పెట్టరాదు. మనకు కనబడినదానిని ఇతరులకు ప్రవచనముగా చాటరాదు. దోనె దిగిన తరువాత పొరుగువాని యింటికి నడువని ధ్యానము సగములోనే ఆగిపోయినట్లు.

లూథరుగారు 1546 ఫిబ్రవరి 18వ తేదీన, తాను పుట్టిన ఐస్లేబెన్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. మంగలికి నేర్పిన ఆ ప్రార్థన పండితుల సొత్తు కాదు. కోత కోయువారికిని, పడవ నడుపువారికిని, అక్షరము రాని అవ్వలకును అది చాలును. ప్రభువు మన దోనెలో ఉన్నాడని ఎరుగునట్లు ఆయన మన కన్నులు తెరచును గాక. ఆమేన్.