యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) ప్రసిద్ధి గాంచిన తెలుగు వైద్య శాస్త్రవేత్త. ఈయన పేరు చెప్పగానే బోదకాలు మందు, ఆరియోమైసిన్ గుర్తుకు వస్తాయి. కానీ ఈయన తొలి పరిశోధనలకు పునాది రక్తములోని భాస్వరమును కొలిచే ఒక చిన్న పరీక్ష.

తొలి జీవితము

సుబ్బారావు భీమవరంలో పేద కుటుంబములో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, ఆ తరువాత బోస్టన్ చేరుకున్నాడు. అక్కడ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరుస్తూ పొట్ట పోసుకున్నాడు.

రక్త పరీక్ష

హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రూపొందించిన పద్ధతి 1925లో వెలువడింది. రక్తములోని మాంసకృత్తులను ఆమ్లముతో తొలగించి, మిగిలిన ద్రవానికి మాలిబ్డేట్ లవణమును, ఒక క్షయకరణిని చేర్చితే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ రూపములోని భాస్వరము అంత ఎక్కువ. ఇదే కొలతతో కండరాలను పరిశీలించగా ఫాస్ఫోక్రియాటిన్ (1927), జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. (1929) బయటపడినవి. ఏ.టి.పి.ని అదే కాలములో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు.

ఇంత చేసినా హార్వర్డులో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఫోలిక్ ఆమ్లము తయారీ, ఆరియోమైసిన్, హెట్రజాన్ అక్కడివే. నల్గొండ జిల్లాలో బోదకాలు నివారణకు పంచిన డి.ఇ.సి. మాత్రలు ఈ హెట్రజానే. 53 ఏళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు.

పారాసెటమాల్ విషప్రభావములో ఉపయోగము

పారాసెటమాల్‌పై సుబ్బారావు పని చేయలేదు. అయినా ఆ మందు మోతాదు మించిన రోగులకు ఫాస్ఫేట్ కొలత అక్కరకు వచ్చింది. ఎక్కువ మాత్రలు మింగినవారు మొదటి రోజు బాగున్నట్లే కనబడవచ్చు. లోపల కాలేయము పాడవుతుంటుంది. అందుకే మింగిన నాలుగు గంటలకు లేదా ఆ తరువాత రక్తములో మందు పరిమాణము చూసి, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు అవసరమా అని నిర్ణయిస్తారు. కాలేయము అప్పటికే తీవ్రముగా దెబ్బతిన్నవారి సంగతి వేరు. రెండు మూడు రోజుల తరువాత రక్తములో ఫాస్ఫేట్ లీటరుకు 1.2 మిల్లీమోల్స్ మించినవారికి ప్రాణాపాయము ఎక్కువని 2002లో డెన్మార్కు వైద్యులు చూపారు. కోలుకొనే కాలేయ కణాలు ఏ.టి.పి. తయారీకి ఫాస్ఫేట్‌ను లాగుకొంటాయి గనుక అది తగ్గుట శుభసూచకమని వివరణ. నేటి యంత్రాలు చాలావరకు నీలిరంగు కోసం ఎదురుచూడవు, అతినీలలోహిత కాంతిలోనే కొలుస్తాయి. మాలిబ్డేట్ చర్య మాత్రము అదే.