ఆరీ హాగెన్-స్మిట్

ఆరీ యాన్ హాగెన్-స్మిట్ (డిసెంబర్ 22, 1900 - మార్చి 17, 1977) నెదర్లాండ్స్‌లో జన్మించి అమెరికాలో స్థిరపడిన జీవరసాయన శాస్త్రవేత్త. లాస్ ఏంజెలెస్ నగరాన్ని పీడించిన స్మాగ్ అనే కలుషిత పొగమంచుకు మోటారు వాహనాలు ముఖ్యకారణమని నిరూపించి ప్రసిద్ధుడయ్యాడు.

తొలి జీవితం

ఈయన ఉట్రెక్ట్ నగరంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయం నుండి 1929లో డాక్టరేట్ పొందాడు. 1936లో హార్వర్డ్‌కు, మరుసటి ఏడాది పాసడీనాలోని కాల్‌టెక్‌కు వచ్చి వృక్ష హార్మోనులు మరియు అనాసపండు వాసనలపై పరిశోధించాడు.

స్మాగ్ పరిశోధన

1940వ దశకంలో లాస్ ఏంజెలెస్ ప్రజలకు కళ్ళు మండేవి, ఆకుకూరలు మచ్చలు పడి పాడయ్యేవి, రబ్బరు పగుళ్ళు బారేది. లండన్‌లో వలె గంధకపు పొగే కారణమని చాలామంది భావించారు. హాగెన్-స్మిట్ అనాస వాసనను పట్టిన పద్ధతిలోనే నగరపు గాలిని అతిశీతల గొట్టాల గుండా పంపి, అందులోని పదార్థాలను ద్రవరూపంలో సేకరించి పరీక్షించాడు. పూర్తిగా మండని పెట్రోలు ఆవిరులు (హైడ్రోకార్బన్లు), నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ సమక్షంలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తాయని తేల్చాడు. ఓజోన్ వాహనం నుండి నేరుగా వెలువడదు, గాలిలో తయారవుతుంది. అందుకే అంతకాలం ఎవరికీ కార్లపై అనుమానం కలగలేదు.

చమురు పరిశ్రమ నిధులతో పనిచేసిన స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థ ఈ సిద్ధాంతాన్ని ఖండించింది. ఆ విమర్శతో ఆయన పట్టుదల మరింత పెరిగింది. 1952లో తన ఫలితాలను సవివరంగా ప్రచురించాడు.

పీసీవీ వాల్వు

హైడ్రోకార్బన్లు ముఖ్యకారణమని తేలిన తరువాత అవి కారులో ఎక్కడెక్కడ నుండి వస్తున్నాయో వెతకవలసి వచ్చింది. పొగగొట్టం ఒక్కటే కాదు. పిస్టన్ల పక్కనుండి క్రాంక్‌కేస్‌లోకి జారిన వాయువులు కూడా ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదకే పోయేవి. మొత్తం హైడ్రోకార్బన్లలో ఇవి సుమారు ఐదవ వంతు. వీటిని తిరిగి ఇంజనులోకే పంపి మండించే పీసీవీ వాల్వును 1961 మోడళ్ళ నుండి కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకు అమర్చారు. ఇది హాగెన్-స్మిట్ కనిపెట్టినది కాదు, కాని దాని అవసరాన్ని తెలిపినది ఆయన పరిశోధనే.

చిన్నదైనా ఈ వాల్వు చెడితే ఇబ్బందే. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళ నుండి ఆయిల్ కారుతుంది. తెరుచుకునే ఉండిపోతే అదనపు గాలి చేరి, నిలిచి ఉన్న కారు ఇంజను కుదుపులతో తిరుగుతుంది. పాత కార్లలో మెకానిక్కులు వాల్వును ఊడదీసి ఆడించి చూసేవారు. లోపలి ముక్క గలగలమనకపోతే అది అంటుకుపోయినట్లే. ఇంజను నడుస్తుండగా వాల్వు మూతిపై వేలు పెడితే పీల్పు తెలియాలి. గలగల శబ్దం వచ్చినంత మాత్రాన లోపలి స్ప్రింగు బాగున్నట్లు కాదు, కనుక ఈ రెండవ పరీక్షా అవసరమే.

చివరి దశ

1968లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి తొలి అధ్యక్షుడయ్యాడు. విధాన విభేదాల కారణంగా 1973లో గవర్నర్ రొనాల్డ్ రీగన్ ఈయనను ఆ పదవి నుండి తొలగించాడు. జాతీయ విజ్ఞాన పతకం లభించినదీ ఆ సంవత్సరపు పురస్కారాలలోనే. 1977లో పాసడీనాలో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. ఎల్ మాంటేలో వాహనాల పొగను పరీక్షించిన మండలి ప్రయోగశాలకు ఈయన పేరు పెట్టారు. 2021లో మండలి రివర్‌సైడ్‌లో కొత్త ప్రయోగశాలను ప్రారంభించింది.